గుడారానికి అద్దె ఎంత?

ఎండాకాలం సెలవులు రాగానే ప్రతి ఇంట్లో పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈసారి ఎక్కడికి పోదాం?" ఆ ప్రశ్న వినగానే కొందరు తల్లిదండ్రులు సంతోషిస్తారు. కొందరు మాట మారుస్తారు. మాట మార్చేవారికి పిల్లల మీద ప్రేమ లేక కాదు, జేబులో డబ్బు లేక. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం.

మా సంఘంలో ఒక కుటుంబం ఉంది. తండ్రి బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అప్పుడు ఆయన పెద్ద కూతురికి ఐదేళ్లు. ఆ తరువాత ఆయన ఆటో కొనుక్కొని నడుపుకుంటూ, భార్య మిషను కుట్టుకుంటూ, ముసలి తల్లిని, ఇద్దరు పిల్లలను పోషించుకుంటూ వస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో ఆ అమ్మాయి పదో తరగతి పరీక్షలు పూర్తయ్యాయి. జూన్ వస్తే గురుకుల కాలేజీకి, హాస్టలుకు వెళ్లిపోతుంది. ఆ రోజు రాత్రి అన్నం తింటూ అడిగిందట: "బాపూ, నేను పోయేలోపల మనందరం ఒక్క రాత్రి బయట డేరా వేసుకొని పండుకుందామా? మా క్లాసోళ్లు పోయొచ్చిండ్రు."

ఆయన మరునాడే ఒకచోట ఫోన్ చేసి కనుక్కున్నాడు. చెరువు గట్టు, చెట్లు, వరుసగా డేరాలు. మనిషికి 1,500 రూపాయలు. ఐదుగురికి 7,500. "అన్నా, అది నా పదిహేను రోజుల సంపాదన. ఫైనాన్సులో తీసుకుందామా అనిపించింది. బిడ్డ మళ్లీ అడగదు కదా" అని నాతో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా ముఖం చూడలేదు. డబ్బు లేకపోవడం కంటే, లేదని బిడ్డకు చెప్పవలసి రావడమే ఆయనకు బరువుగా ఉంది.

మనం దేనికి చెల్లిస్తున్నాం?

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. పార్కులో గానీ, అడవిలో గానీ రుసుము తీసుకోవడం దానంతట అది అన్యాయం కాదు. మరుగుదొడ్లు కడగాలి, తాగునీరు పెట్టాలి, రాత్రి కాపలా ఉండాలి, మనం పారేసిన చెత్త ఎవరో ఎత్తాలి. ఆ పనివారికి జీతం రావాలి. కాబట్టి టికెట్టు లేకుండా గోడ దూకి లోపలికి పోవడం, వాచ్‌మన్ చేతిలో యాభై పెట్టి రాత్రి ఉండిపోవడం విశ్వాసి చేయదగిన పని కాదు. పిల్లలు మన మాటల కంటే మన చేతలే చూసి నేర్చుకుంటారు.

అయితే, చెల్లించే ముందు అడిగి తెలుసుకోవడం తప్పు కాదు. మనిషికి ఎంత, డేరాకు ఎంత? చిన్నపిల్లలకు సగమా? భోజనం అందులోనే ఉందా? మన వంట మనం చేసుకోవచ్చా? బండి నిలిపితే వేరే డబ్బా? పన్ను కలిపి చెప్పారా? వెళ్లలేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా? ఈ ఏడు ప్రశ్నలు ఫోనులోనే అడిగితే అక్కడికి పోయాక మనసు నొచ్చుకోదు. బస గదుల పన్ను విషయానికొస్తే, రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదుల మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే. అంతకు ముందు 12 శాతం ఉండేది. పాత లెక్కతో ఎవరైనా బిల్లు ఇస్తే మర్యాదగా అడగండి.

దగ్గరలో ఉన్నవి

నిజామాబాద్ వాళ్లం ఒక విధంగా ధన్యులం. మన చుట్టూ నీళ్లున్నాయి. మంజీర మీద అచ్చంపేట దగ్గర 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లే బోధన్ ప్రాంతాన్ని చెరకు సీమగా మార్చాయి. 2016 అక్టోబరు నుంచి అది కామారెడ్డి జిల్లాలో ఉంది. గోదావరి మీద పోచంపాడులో శ్రీరాంసాగర్ ఉంది. ఎడపల్లి మండలంలో అలీసాగర్ చెరువు, దాని ఉద్యానవనం ఉన్నాయి. జానకంపేట దగ్గర అశోక్‌సాగర్ ఉంది. పట్టణం పక్కనే మల్లారం అడవి ఉంది.

ఇవన్నీ పగటి ప్రయాణానికి అనువైనవి. పొద్దున్నే సద్ది కట్టుకొని పోయి, సాయంత్రం దాకా గడిపి, రాత్రికి ఇంటికి చేరవచ్చు. ప్రవేశ రుసుము ఉన్నచోట కూడా అది బసకయ్యే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. మన పెద్దలు వనభోజనం అన్నది దీనినే. రాత్రి ఉండకపోతే విహారం కాదని ఎవరూ చట్టం చేయలేదు. అయితే ఒక హెచ్చరిక. ఆనకట్ట కింద నదిలో ఎండిన ఇసుక చూసి అక్కడ చాప పరచకండి. గేట్లు ఎత్తితే నీరు ఒక్కసారిగా వస్తుంది.

అడవిలో రాత్రి ఉండాలనుకునే యువకులకు మరొక మాట. మెదక్ దగ్గరి పోచారం ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. నేడు అది వన్యప్రాణుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లడానికీ, అక్కడ బస చేయడానికీ అనుమతి కావాలి. నిప్పు పెట్టడం నేరం. ఎండాకాలంలో టేకు ఆకులు రాలి నేలంతా పరుచుకుని ఉంటాయి. చలిమంట కోసం వెలిగించిన ఒక్క పుల్ల చాలు, కొండంతా అంటుకోవడానికి. అటవీశాఖ కార్యాలయంలో ముందుగా అడిగి, చెప్పిన రుసుము కట్టి వెళ్లండి. ఆ అనుమతి మీ పిల్లల ప్రాణానికి కూడా రక్షణ.

తక్కువ ఖర్చులో మరికొన్ని దారులు

మొదటిది, టెంట్ హౌస్. డేరా కొనాలంటే వేలల్లో పని. మన ఊళ్లో పెళ్లిళ్లకు షామియానా వేసే టెంట్ హౌస్‌లో టార్పాలిను, జంపఖానాలు, వంటపాత్రలు ఒక రోజుకు అద్దెకు దొరుకుతాయి. పెళ్లి ముహూర్తాలు లేని రోజు చూసుకుంటే ఇంకా తక్కువకిస్తారు.

రెండవది, బడి. సెలవుల్లో మూతపడి ఉండే బడి ఆవరణను, యాజమాన్యం అనుమతితో, యువజన శిబిరానికి అడగవచ్చు. నీళ్లు, మరుగుదొడ్లు, కప్పు మూడూ అక్కడే ఉంటాయి.

మూడవది, సంస్థలు. 1949లో ఏర్పడిన యూత్ హాస్టల్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా సభ్యత్వం తీసుకున్నవారికి దేశంలో అనేకచోట్ల తక్కువ ఖర్చుతో బస, నడక యాత్రలు ఏర్పాటు చేస్తుంది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లో ఏర్పడింది. మీ పిల్లల బడిలో ఆ దళం ఉంటే చేర్పించండి. డేరా వేయడం, ముడులు వేయడం, వంట చేయడం అక్కడ నేర్పుతారు.

నాలుగవది, మన దేవాలయ ఆవరణలు. మెదక్ కెథడ్రల్ సంగతి మీకు తెలిసిందే. కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఊరక దానం పంచక, పని కల్పించి అన్నం పెట్టాలని తలచి 1914లో మొదలుపెట్టిన ఆ గుడి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడింది. క్రిస్మస్ సమయంలో ఎన్నో కుటుంబాలు ఆ ఆవరణలో డేరాలు వేసుకొని, పొయ్యి పెట్టుకొని, పక్కవారితో కూర పంచుకొని రాత్రంతా గడుపుతాయి. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుంచి మెదక్‌కు రైలు మార్గం తెరుచుకోవడంతో దారి ఇంకా సులువైంది. అక్కన్నపేట మన నిజామాబాద్ – సికింద్రాబాద్ లైను మీదే ఉంది.

డేరాలో నివసించడం బైబిలు ఎరిగినవారికి కొత్త కాదు. లేవీయకాండము 23వ అధ్యాయంలో ఏడు రోజులు పర్ణశాలల్లో ఉండమని ఆజ్ఞ ఉంది. ధనవంతుడూ బీదవాడూ ఒకే రకం కొమ్మల కింద పడుకోవాలి. పౌలు అపొస్తలుడు సైతం డేరాలు కుట్టి జీవించాడు.

అమెరికాలో ఉన్న మనవారికి

మన పత్రికను అమెరికాలోని బిడ్డల దగ్గరికి వెళ్లిన పెద్దలు కూడా చదువుతారు. అక్కడ పార్కులో డేరా వేసే చోటుకు రాత్రికింత అని కట్టాలి. ముందుగా రిజర్వు చేసుకుంటే దానికి వేరే రుసుము ఉంటుంది. అయితే 62 ఏళ్లు నిండి, అక్కడి పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ ఉన్నవారికి సీనియర్ పాస్ ఇస్తారు. ఏడాదికి 20 డాలర్లు, జీవితకాలానికి 80 డాలర్లు. ఫెడరల్ ప్రభుత్వ పార్కుల్లో చాలాచోట్ల ఆ పాస్‌తో డేరా రుసుము సగానికి తగ్గుతుంది. రాష్ట్రాల పార్కులకు ఇది వర్తించదు. చూడడానికి వీసా మీద వెళ్లినవారికి ఇవ్వరు. జాతీయ అడవుల్లోనూ, ఫెడరల్ భూముల్లోనూ కొన్నిచోట్ల 14 రోజుల వరకు డబ్బు లేకుండానే డేరా వేసుకోనిస్తారు. అక్కడ నీళ్లు, మరుగుదొడ్లు మాత్రం ఉండవు. వెళ్లేముందు స్థానిక కార్యాలయంలో నియమాలు కనుక్కోవాలి.

ఆ కుటుంబం ఏం చేసింది?

మళ్లీ మన ఆటో సోదరుని దగ్గరికి వద్దాం. ఆయన ఫైనాన్సుకు పోలేదు. భార్య సలహా మీద కూతురిని కూర్చోబెట్టి నిజం చెప్పాడు. "బిడ్డా, 7,500 నా దగ్గర లేవు. కానీ డేరా వేద్దాం. యాడ వేద్దామో నువ్వే చెప్పు." ఆ పిల్ల ఏడవలేదు. కాగితం, పెన్ను తెచ్చుకుంది.

వారి మేనత్త ఉండే పల్లెలో చిన్న గుడి ఉంది. ముందు వేపచెట్టు, చుట్టూ ప్రహరీ, మోటారు, మరుగుదొడ్డి. అయ్యగారిని అడిగితే, "దేవుని స్థలం, రండమ్మా" అన్నారు. ఆటో డీజిలు 300, టెంట్ హౌస్ అద్దె 250, కోడి, బియ్యం, సరుకులు 700, కరెంటు, నీటి కోసం గుడికి కానుక 200. మొత్తం 1,450 రూపాయలు. దోమతెరలు ఇంట్లోవే. జొన్నరొట్టెలు నానమ్మ చేసింది. పాముల భయం ఉంటుందని చెరకు తోట పక్కన కాకుండా, ఊడ్చిన సిమెంటు గచ్చు మీదే టార్పాలిను కట్టారు.

ఆ రాత్రి దీపాలు ఆర్పాక కొడుకు అడిగాడట: "బాపూ, ఫ్యాక్టరీల నువ్వేం చేస్తుంటివి?" పదేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చెరకు బండ్ల వరుస, సైరన్ మోత, ఊరంతా పాకిన బెల్లపు పాకం వాసన, గేటుకు తాళం పడిన తరువాత పనికోసం తిరిగిన రోజులు. పిల్లలు నిద్రపోకుండా విన్నారు. "మా బాపు అంత పని చేసిండని నాకు తెల్వదు" అని ఆ అమ్మాయి తరువాత మా ఆవిడతో అంది. ఇప్పుడు ఆమె హాస్టల్లో చదువుకుంటోంది.

1,500 రూపాయల డేరాలో పడుకుంటే ఆ మాటలు వచ్చేవి కావని నేననను. వచ్చేవేమో. కానీ తిరిగొచ్చాక ప్రతి నెలా కట్టవలసిన వాయిదా ఆ తండ్రి నోటిని మళ్లీ మూసేసేది.

ప్రియులారా, శక్తి ఉన్నవారు రుసుము కట్టి పార్కులకు సంతోషంగా వెళ్లండి. శక్తి లేనివారు సిగ్గుపడకండి. పిల్లలకు లెక్క చెప్పండి, వారినే కాగితం మీద రాయమనండి. సంఘ పెద్దలకు ఒక మనవి. మన గుడి ఆవరణ వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉంటుంది. మరుగుదొడ్డి బాగుచేయించి, ఒక బల్బు పెట్టించి, ఈ వేసవిలో మన సంఘంలోని ఏ కుటుంబానికి ఆ తాళం ఇవ్వగలమో ఆలోచించండి. అడగడానికి మొహమాటపడే ఇల్లు ఏదో మీకు తెలిసే ఉంటుంది. మీరే వెళ్లి పిలవండి.