కాక్‌పిట్‌లో పాట పెట్టొచ్చా?

ఈ మధ్య ఒకరోజు తెల్లవారుజామున, సోనాపూర్ నుంచి సైటుకు వెళ్లే మా క్యాంపు బస్సులో చిన్న పంచాయితీ జరిగింది. పఠాన్ డ్రైవర్ పాటలు కాస్త గట్టిగానే పెట్టాడు. వెనక సీట్లలో కునుకు తీస్తున్నవాళ్లు సౌండ్ తగ్గించమన్నారు. ఆయన ఒప్పుకోలేదు. పాట ఆపితే తనకు నిద్రొస్తుందనీ, తనకు నిద్రొస్తే అందరం కలిసి ఒకేసారి పడుకోవాల్సి వస్తుందనీ హిందీలో చెప్పాడు. బస్సంతా నవ్వారు. ఆ నవ్వుల్లోనే నిజామాబాద్ కుర్రాడొకడు అడిగాడు.

"అన్నా, మరి విమానం నడిపేటోడు గూడ పాటలు పెట్టుకుంటడా?"

ఒకాయన, ఇప్పుడన్నీ కంప్యూటర్లే నడుపుతాయి, పైలట్ సినిమా చూసినా నష్టం లేదన్నాడు. ఇంకొకాయన, దొరికితే ఉద్యోగం ఊడుతుందన్నాడు. చివరికి అందరూ నా వైపు చూశారు. ఆఫీసులో కూర్చుని టైమ్‌షీట్లు రాసేవాడిని కాబట్టి నాకన్నీ తెలుసని వీళ్ల నమ్మకం. ఆ కుర్రాడికి రెండేళ్ల తర్వాత మొదటి సెలవు. వచ్చే నెల రాత్రి విమానానికి టికెట్టు చేతిలో ఉంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం బాగుండదని, తెలిసినంత వరకు రాస్తున్నాను.

ముందుగా ఒక పాత ముచ్చట. పాటకూ విమానానికీ చుట్టరికం ఈనాటిది కాదు. వెనకటి విమానాల్లో దారి తెలుసుకోవడానికి ఒక రేడియో పరికరం ఉండేది. నేల మీద ఉన్న రేడియో స్టేషన్‌ను అందులో పట్టుకుంటే, ఒక ముల్లు ఆ స్టేషన్ ఎటువైపు ఉందో చూపించేది. మామూలు మీడియం వేవ్ స్టేషన్లు కూడా అందులో వచ్చేవి. దాంతో పైలట్లు దారి చూసుకుంటూనే పాటలు, ఆటల కామెంటరీలు వినేవారు. 1941 డిసెంబర్ 7న జపాన్ విమానాలు పెర్ల్ హార్బర్ మీద దాడికి వెళ్లినప్పుడు హోనొలులు రేడియోలో వస్తున్న సంగీతాన్ని పట్టుకునే దిక్కు సరిచూసుకున్నాయి. అదే ఉదయం కాలిఫోర్నియా నుంచి వస్తున్న అమెరికా విమానాలకు దారి తెలియడం కోసం ఆ స్టేషన్ రాత్రంతా పాటలు వేస్తూ ఉంది. ఆ పాటలే శత్రువుకూ దారి చూపించాయి.

ఇప్పటి సంగతికి వద్దాం. కాక్‌పిట్‌లో ఇద్దరు పైలట్లుంటారు. ఒకరు విమానం నడుపుతుంటే రెండోవారు రేడియో చూసుకుంటూ, మొదటివారు చేసే పనిని కనిపెట్టుకుని ఉంటారు. కళ్లకు ఎంత పనో చెవులకూ అంతే పని. ఏటీసీ వాళ్లు ఒకే రేడియోలో చాలా విమానాలతో మాట్లాడుతుంటారు. అరబ్బు ఇంగ్లీషు, మన ఇంగ్లీషు, ఫిలిప్పీన్ ఇంగ్లీషు అన్నీ కలిసి వస్తుంటాయి. ఆ సందట్లో తన విమానం నంబరు వినిపించగానే పైలట్ అందుకోవాలి. సైటులో వంద మంది మధ్య ఫోర్‌మన్ మన పేరు పిలిస్తే మన చెవి ఎలా పట్టుకుంటుందో అలాగ. అదే చెవిలో ఇయర్‌ఫోన్ ఉంటే ఏమవుతుందో మనలో చాలామందికి అనుభవమే.

మాటలే కాదు, కాక్‌పిట్‌లో వచ్చే ప్రతి మోతకూ ఒక అర్థం ఉంటుంది. 2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్‌కు బయల్దేరిన హేలియోస్ విమానంలో గాలి ఒత్తిడిని చూసే స్విచ్ ఆటోమేటిక్‌లో కాకుండా మాన్యువల్‌లో ఉండిపోయింది. పైకి వెళ్తుంటే లోపల గాలి పలచబడింది. హెచ్చరిక హారన్ మోగింది. అయితే ఆ విమానంలో టేకాఫ్‌కు ముందు ఏదైనా సరిగా అమర్చకపోతే మోగే హారన్ కూడా అదే మోత. పైలట్లు ఒకటనుకుని ఇంకొకటి వెతికారు. కాసేపటికి ఆక్సిజన్ అందక స్పృహ తప్పారు. 121 మంది చనిపోయారు. అక్కడ పాట లేదు, కబుర్లు లేవు. రెండు హెచ్చరికలకు ఒకే మోత ఉండటమే అంత పని చేసింది. అలాంటి చోట మూడో మోతగా మన సినిమా పాటను కూడా పెడతామంటే ఆలోచించుకోవాలి.

చెవి తెరిచి ఉన్నా మనసు ఇంకోచోట ఉంటే లాభం లేదు. 1972 డిసెంబర్ 29 రాత్రి అమెరికాలోని మయామి దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం దిగబోతుంటే ముందు చక్రానికి సంబంధించిన చిన్న లైటు వెలగలేదు. అందరూ ఆ బల్బు మీద పడ్డారు. ఈలోగా విమానం మెల్లగా కిందికి జారుతోంది. ఎత్తు తగ్గుతోందని గంట మోగింది కూడా. ఆ మోత రికార్డయింది, కాక్‌పిట్‌లో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు వంద మంది పోయారు. తర్వాత చూస్తే చక్రం బాగానే ఉంది, పోయింది బల్బే.

ఆ తర్వాత రెండేళ్లకు, 1974 సెప్టెంబర్ 11న, అదే కంపెనీ విమానం షార్లెట్ అనే ఊళ్లో పొగమంచులో దిగుతోంది. పైలట్లిద్దరూ రాజకీయాల గురించీ, సెకండ్ హ్యాండ్ కార్ల గురించీ మాట్లాడుకుంటున్నారు. ఎత్తు చూసుకోలేదు. రన్‌వేకు ముందే నేలను తాకింది. 70 మందికి పైగా చనిపోయారు. ఇలాంటివి చూశాకే 1981లో అమెరికా ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. నేల మీద కదలడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి, టేకాఫ్, ల్యాండింగ్‌లతో కలిపి, 10,000 అడుగుల లోపు ఎగురుతున్నంతసేపూ కాక్‌పిట్‌లో పనికి సంబంధంలేని మాట, పని ఏదీ ఉండకూడదు. మామూలు కబుర్లకే చోటు లేని ఆ సమయంలో పాట సంగతి అడగనే అక్కర్లేదు. మిగతా దేశాల ఎయిర్‌లైన్స్‌లు కూడా ఇలాంటి పద్ధతే పాటిస్తున్నాయి.

మరి పైకి వెళ్లాక? అసలు చిక్కు అక్కడుంది. దుబాయ్ నుంచి హైదరాబాద్‌కు మూడున్నర గంటల ప్రయాణం అనుకుంటే, అందులో ఎక్కువ భాగం ఆటోపైలట్ మీదే సాగుతుంది. కింద అరేబియా సముద్రం, చుట్టూ చీకటి. మస్కట్ వాళ్లు వదిలాక ముంబై వాళ్లు అందుకుంటారు. సముద్రం మీద వాడే దూరపు రేడియోలో ఎప్పుడూ గరగర మోత వస్తుంటుంది. అది వినలేక ఒక ఏర్పాటు చేశారు. నేల మీదివాళ్లు ఫలానా విమానాన్ని పిలిస్తే ఆ విమానంలో మాత్రమే గంట మోగుతుంది. అంతదాకా పైలట్ ఆ రేడియో సౌండ్ తగ్గించుకోవచ్చు. అంటే చెవికి కాస్త విశ్రాంతి ఇవ్వడం తప్పేమీ కాదని విమానాల వాళ్లే ఒప్పుకున్నారు. అలాంటప్పుడు చిన్న సౌండులో పాట పెట్టుకుంటే ఏం పోయిందని అడిగేవాళ్లున్నారు. ఖాళీగా కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది, పాట ఉంటే మెలకువగా ఉంటారు అని వాళ్ల వాదన. మా బస్సు డ్రైవర్ చెప్పిందీ అదే.

దీనికి ఎదురు నిలిచేది 2009 అక్టోబర్ 21 నాటి కథ. శాన్‌డియేగో నుంచి మినియాపొలిస్ వెళ్తున్న నార్త్‌వెస్ట్ విమానం 37,000 అడుగుల ఎత్తులో ఉంది. 144 మంది ప్రయాణికులు. పైలట్లిద్దరూ తమ ల్యాప్‌టాప్‌లు తెరిచి, కంపెనీ కొత్తగా పెట్టిన డ్యూటీ షెడ్యూళ్ల పద్ధతి గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. గంటకు పైగా ఏటీసీ పిలుస్తూనే ఉంది, జవాబు లేదు. దిగాల్సిన ఊరు దాటి వంద మైళ్లకు పైగా వెళ్లిపోయారు. ఎయిర్‌హోస్టెస్ ఇంటర్‌కామ్‌లో "ఎప్పుడు దిగుతున్నాం?" అని అడిగితే అప్పుడు తెలివొచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ ఇద్దరి లైసెన్సులూ పోయాయి. దీని తర్వాతే 2014లో అమెరికాలో, ప్రయాణికుల విమానాల పైలట్లు డ్యూటీలో ఉండగా సొంత పనికి ఫోనుగానీ ల్యాప్‌టాప్‌గానీ వాడకూడదని నిబంధన వచ్చింది. అది ఎంత ఎత్తులో ఉన్నా వర్తిస్తుంది. కాబట్టి అక్కడ ఫోనులో పాట పెట్టుకోవడం కుదరదు.

నాకు ఈ నిబంధనలన్నిటికంటే బాగా అర్థమయ్యేలా చెప్పింది మా క్యాంపులోనే ఉన్న జగిత్యాల అన్న. టవర్ క్రేన్ నడుపుతాడు. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం దాకా ఆ చిన్న క్యాబిన్‌లో ఒక్కడే. పాటలు వింటావా అని అడిగాను.

"లోడు గాల్ల ఉన్నంతసేపు పాట బంద్. హుక్కు ఖాళీగ ఉండి, కింద రిగ్గర్లు కట్టుకునేదాంక జర ఏదన్న వింట. అది గూడ వాకీటాకీ కంటె తక్కువ సౌండు. చెవుల మాత్రం పెట్ట."

సేఫ్టీ ఆఫీసరుకు తెలిస్తే అదీ కుదరదనుకోండి. కానీ 1981లో అమెరికా వాళ్లు రాసుకున్నదీ, ఈయన ఎవరూ చెప్పకుండా పాటిస్తున్నదీ దాదాపు ఒకటే. లోడు గాల్లో ఉన్నప్పుడు వద్దు. నా ఓటు ఈయనకే. చెవిలో ఇయర్‌ఫోన్ ఏ ఎత్తులోనూ వద్దు. సముద్రం మీద, రెండోవారు రేడియో చూసుకుంటుండగా, కంపెనీ ఒప్పుకుంటే, రేడియో కంటే చిన్న సౌండులో పాట వస్తే నాకు అభ్యంతరం లేదు. ఒప్పుకోకపోతే ఆ పైలట్ మీద నాకు జాలీ లేదు.

కానీ ఇదంతా చదువుతుంటే నాకు భయం వేసింది పాట గురించి కాదు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వెళ్లిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం గుర్తుందా? 166 మందిలో ఎనిమిది మందే బతికారు. పోయినవాళ్లలో ఎంతోమంది మనలాగే ఇక్కడ పని చేసుకుంటూ సెలవుకు వెళ్తున్నవాళ్లు. మన టైము ప్రకారం రాత్రి ఒంటిగంట దాటాక బయల్దేరి, అక్కడ ఉదయం ఆరు దాటాక దిగింది. ఆ కాక్‌పిట్‌లో పాట లేదు. బ్లాక్ బాక్స్‌లో దొరికిన రెండు గంటల రికార్డింగులో మొదటి గంటా నలభై నిమిషాలూ కెప్టెన్ మాట వినిపించదు, గురక వినిపిస్తుంది. నిద్ర లేచాక కూడా ఆ మత్తు వదలకపోవడం వల్ల ఆయన నిర్ణయాలు దెబ్బతిని ఉండొచ్చని విచారణలో రాశారు. విమానం ఉండాల్సిన దానికంటే బాగా ఎత్తులో వస్తోంది. దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ మూడుసార్లు చెప్పాడు. ఆయన వినలేదు. రన్‌వేలో సగానికి పైగా దాటాక నేలను తాకి, చివరిదాకా వెళ్లి లోయలో పడింది.

టైమ్‌షీట్లు రాసేవాడిని కాబట్టి ఈ సంగతి నాకు ఇంకోలా కనిపిస్తుంది. నా కాగితం మీద 12 గంటల డ్యూటీ, 12 గంటల విశ్రాంతి అని ఉంటుంది. ఆ విశ్రాంతిలో బస్సు రెండు గంటలు, స్నానానికి లైను, వంట, ఇంటికి ఫోను పోగా నిద్రకు ఎంత మిగులుతుందో కాగితంలో ఎక్కడా ఉండదు. పైలట్ హోటల్లో పడుకుంటాడు, నిజమే. కానీ రాత్రి రెండు నుంచి ఆరు దాకా మనిషి ఒళ్లు పడుకోమనే అడుగుతుంది. ఆ ఒంటికి కెప్టెన్ అనీ హెల్పర్ అనీ తేడా లేదు. మనం ఊరికెళ్లే విమానాల్లో చాలావరకు సరిగ్గా ఆ టైముకే గాల్లో ఉంటాయి.

ఇండియాలో డీజీసీఏ 2024 జనవరిలో పైలట్ల డ్యూటీ నిబంధనలు మార్చింది. వారంలో వరుస విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. రాత్రి డ్యూటీ లెక్కను అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా ఉన్నదాన్ని 6 దాకా చేసింది. రాత్రి ల్యాండింగులు ఆరు దాకా ఉండేవి, రెండుకు తగ్గించింది. ఎయిర్‌లైన్స్‌లు వెంటనే కుదరదన్నాయి. చివరికి 2025లో రెండు విడతల్లో అమల్లోకి తెచ్చారు. ఆ డిసెంబర్‌లో ఏం జరిగిందో చాలామందికి తెలుసు. కొత్త లెక్కకు సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోక ఇండిగో వేల విమానాలు రద్దు చేసుకుంది. జనం ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల మీద పడుకున్నారు. అప్పుడు డీజీసీఏ ఆ కంపెనీకి రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి కొన్నాళ్లు సడలింపు ఇచ్చింది. విమానాలు మళ్లీ ఎగిరాయి, అందరం ఊపిరి పీల్చుకున్నాం. సడలించింది ఎవరి నిద్రనో మనలో ఎంతమంది ఆలోచించామో నాకు అనుమానమే.

పోయిన వారం బస్సులో ఆ నిజామాబాద్ కుర్రాడికి ఇదంతా రెండు ముక్కల్లో చెప్పాను. దిగేటప్పుడు పాట ఉండదు, భయపడకు, పైన ఉన్నప్పుడు కూడా ఫోనులో పాటలు పెట్టుకోవడం అంత సులువు కాదు అన్నాను. మంగళూరు సంగతి చెప్పాలా వద్దా అని ముందు తటపటాయించి, చివరికి చెప్పేశాను. వాడు కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు.

"గట్లయితే అన్నా, పైలట్ సక్కగ పండుకొని వచ్చిండా లేదా అని టికెట్ కొనేటప్పుడు ఎవలనన్న అడగచ్చా?"

నేను జవాబు వెతుక్కునేలోపు ముందు సీటులోంచి పఠాన్ చాచా అద్దంలో మమ్మల్ని చూసి, ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాడు. మేం తెలుగులో ఏం చెప్పుకున్నామో హిందీలో చెప్పాం. రౌండబౌట్ వచ్చింది. ఆయన చెయ్యి చాచి పాట ఆపి, బస్సు తిప్పి, మళ్లీ పెట్టాడు.