మంచము ప్రక్కనున్న మనిషి

కోనసీమ తనకు అన్నము పెట్టిన చేతిని మరువలేదు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారులకు సైతము వండి వడ్డించినారు. గన్నవరము అక్విడక్టు ఆమె పేరు వహించినది. 2024లో రాష్ట్ర ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆమె పేరే పెట్టినది. ఆ గౌరవము ఉచితమే. అన్నదానమునకు పంక్తి నిండ సాక్షులుందురు. కాని తలుపు చేరవేసిన గదిలో, మంచమునబడిన మనిషికి జరుగు పరిచర్యకు సాక్షి యెవరు?

పక్షవాతము వచ్చిన వృద్ధుని రెండేసి గంటలకొకమారు ఒత్తిగిలింపవలెను. లేనిచో ఒంటిపై పుండ్లు పడును. గంజియైనను తల యెత్తిపట్టి, పొలమారకుండ చెంచాతో పోయవలెను. పక్కబట్టలు మార్చవలెను, రాత్రి మూలుగు వినబడగానే లేవవలెను. ఈ పని చేయు భార్యకు గాని, కూతురికి గాని, కోడలికి గాని ఆదివారము లేదు. తన నడుము నొప్పిని వైద్యునికి చూపించుకొను తీరిక యైనను ఆమెకు చిక్కదు.

రాజోలు, కొత్తపేట ప్రాంతముల నుండి ఎందరో స్త్రీలు ఇంటిపనులకై కువైటు మొదలగు గల్ఫు దేశములకు పోవుచున్నారు. అక్కడ పరాయి వృద్ధురాలికి స్నానము చేయించినందుకు జీతము కలదు. ఇక్కడ ఆమె కన్నతల్లికి అదే సేవ చేయు వదినెను "ఏమి చేయుచున్నావమ్మా?" యని యడిగినచో, "ఏమియు లేదండీ, ఇంటిలోనే యున్నాను" అనును. పని ఒక్కటే, ఇక్కడ దానికి పేరైనను లేదు.

2024 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారము, 15–59 ఏండ్ల స్త్రీలలో 41 శాతము ఇంటివారిని చూచుకొను పనిలో దినమునకు 140 నిమిషములు గడుపుచున్నారు. పురుషులలో ఆ పని చేయువారు 21.4 శాతము; వారు వెచ్చించునది 74 నిమిషములు.

2021లో సుప్రీంకోర్టున ఒక ప్రమాద పరిహారపు వ్యాజ్యమందు, గృహిణి శ్రమకు ఆర్థికమైన విలువ లేదనుట పొరపాటని న్యాయమూర్తి ఎన్.వి.రమణగారు వ్రాసినారు. మరణించిన పిమ్మట న్యాయస్థానము కట్టు విలువను, బ్రతికియుండగా ఇల్లు కట్టరాదా?

విలువ కట్టుటయనగా దేవతయని పొగడుట కాదు. పొగడ్త వలన ఆమెకు రెండు గంటల నిద్ర దొరకదు. మంచమునకే పరిమితమైన పక్షవాత రోగికి 2024 నుండి మన రాష్ట్రమున నెలకు 15,000 రూపాయల పింఛను కలదు. అది రోగికి ఆసరా. కేరళ 'ఆశ్వాసకిరణం' పథకము పరిచర్య చేయువారికే నెలకు 600 రూపాయలు ఉద్దేశించినది. మొత్తము స్వల్పమే; కాని అందులో ఆ మనిషికి గుర్తింపు కలదు.

ప్రభుత్వము చేయవలసినది అటుండగా, చుట్టములు చేయదగినదియు కలదు. పరామర్శకు వచ్చినవారు రోగి క్షేమమడిగి, ఆమె చేతి కాఫీ త్రాగి పోవుట వాడుక. ఇకమీదట కాఫీ వలదని, "నీవు తింటివా అమ్మా? కాసేపు పడుకొనుము, నేను కూర్చుందును" అనవచ్చును. అన్నదమ్ములు రాత్రులు వంతులు వేసికొనవచ్చును. అడుగకమునుపే ఎదుటివారి ఆకలిని కనిపెట్టుట సీతమ్మగారు ఈ సీమకు నేర్పిన విద్య. మంచము ప్రక్కనున్న మనిషి యలసటను కనిపెట్టుటకును ఆ విద్యయే చాలును.