భిన్న మతస్థుల దాంపత్యం: విడాకులు ఏ చట్టం ప్రకారం?

వేర్వేరు మతాలకు చెందిన స్త్రీపురుషుల కాపురం పొసగని స్థితి వచ్చినప్పుడు ఇరువైపుల పెద్దల ముందు నిలిచే ప్రశ్న ఒకటుంది: విడాకులు ఏ చట్టం ప్రకారం? భర్త ముస్లిం గనుక తలాఖ్ చెబితే చాలునని కొందరు, భార్య హిందువు గనుక హిందూ వివాహ చట్టమే వర్తిస్తుందని మరికొందరు భావిస్తుంటారు. కాని మన దేశంలో న్యాయస్థానం మొదట పరిశీలించేది వారి వివాహం ఏ చట్టం కింద జరిగిందన్న విషయాన్నే.

ప్రత్యేక వివాహ చట్టం

ఇద్దరూ తమ తమ మతాల్లోనే ఉంటూ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం వివాహాధికారి ఎదుట పెళ్లి చేసుకున్నట్లయితే, విడిపోవడానికీ ఆ చట్టమే మార్గం. క్రూరత్వం, వ్యభిచారం, రెండేళ్లు విడిచిపెట్టి ఉండటం వంటి కారణాలపై 27వ సెక్షన్ కింద ఒకరు, పరస్పర అంగీకారంతో 28వ సెక్షన్ కింద ఇద్దరూ కోర్టును ఆశ్రయించవచ్చు. పరస్పర అంగీకారానికైతే కనీసం ఏడాదిగా వేరుగా జీవిస్తూ ఉండాలి. దరఖాస్తు తరువాత సాధారణంగా మరో ఆరు నెలలు ఆగాలి.

ఇటువంటి వివాహాన్ని తలాఖ్ చట్టరీత్యా రద్దు చేయజాలదు. పెళ్లి తరువాత భార్య ఇస్లాం స్వీకరించినా ఈ స్థితి మారదు. విడాకులయ్యాయన్న ధీమాతో భర్త మరో పెళ్లి చేసుకుంటే, 44వ సెక్షన్ ప్రకారం ఆ పెళ్లి చెల్లదు. పైగా అది ద్విభార్యాత్వ నేరం. ఆస్తి వారసత్వం కూడా 1925 నాటి భారత వారసత్వ చట్టం పరిధిలోకి వెళుతుంది.

నికాహ్ అనంతరం అదే వివాహాన్ని ఈ చట్టం కింద నమోదు చేయించుకున్న వారికి సైతం ఇవే నియమాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన తప్పనిసరి వివాహ నమోదు చట్టం కింద జరిగే రిజిస్ట్రేషన్ వేరు. అది వివాహానికి రుజువు మాత్రమే. అందుచేత ధ్రువపత్రంపై ఏ చట్టం పేరు ఉందో చూసుకోవడం అవసరం.

నికాహ్ జరిగినట్లయితే

నికాహ్‌కు ముందే ఇద్దరూ ముస్లింలైతే తలాఖ్, ఖులా, ముబారాత్ మార్గాలు ఉంటాయి; భార్య 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కింద కోర్టుకూ వెళ్లవచ్చు. మూడు తలాఖ్‌లు ఒకేసారి చెప్పడం మాత్రం చెల్లదు. 2019 చట్టం ప్రకారం దానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

ముస్లిం పురుషుడు గ్రంథప్రజల స్త్రీని వివాహమాడటానికి దివ్యఖుర్ఆన్ (5:5) అనుమతించింది. బహుదైవారాధకులతో వివాహాన్ని (2:221) వారించింది. ముస్లిం పురుషుడికి, మతం మారని హిందూ స్త్రీకి జరిగిన నికాహ్ ‘ఫాసిద్’, అనగా లోపభూయిష్టమని, అయినా వారి సంతానం సక్రమ సంతానమేనని, తండ్రి ఆస్తిలో వారికి వాటా ఉంటుందని సుప్రీంకోర్టు 2019లో తీర్పునిచ్చింది. అటువంటి భార్య మహర్‌కు అర్హురాలే గాని, భర్త ఆస్తికి వారసురాలు కాదు.

ఇతర వివాహాలు

హిందూ వివాహ చట్టం కింద పెళ్లయిన దంపతులలో ఒకరు ఇస్లాం స్వీకరించినంత మాత్రాన ఆ వివాహం రద్దు కాదు. రెండవవారికి విడాకులు కోరే హక్కు మాత్రం లభిస్తుంది. భర్త మతం మారి మరో పెళ్లి చేసుకుంటే అది చెల్లదని సుప్రీంకోర్టు 1995లోనే స్పష్టం చేసింది. క్రైస్తవ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లికి 1869 నాటి విడాకుల చట్టం వర్తిస్తుంది.

భరణం

తెలంగాణకు చెందిన ఒక కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చని తీర్పు చెప్పింది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లయి విడిపోయిన ముస్లిం స్త్రీకీ ఆ హక్కు ఉందని అందులో పేర్కొంది.

కుటుంబాలు ఆలోచించవలసింది ఇక్కడే. చట్టం గుర్తించని తలాఖ్‌తో పంపివేయబడిన స్త్రీ కాగితం మీద భార్యే, ఇంట్లో మాత్రం పరాయిది. ఆమె పునర్వివాహమూ చిక్కుల్లో పడుతుంది. ఒకరికంటే ఎక్కువమంది భార్యలున్న సందర్భంలో ఒకామెను వేలాడుతున్నట్లు వదిలివేయరాదని దివ్యఖుర్ఆన్ (4:129) హెచ్చరించింది. విడిచిపెట్టేటప్పుడు ఉత్తమ రీతిలో విడిచిపెట్టమని (2:229) బోధించింది. కనుక ధార్మిక స్థితి గురించి ఉలమాను, చట్టపరమైన స్థితి గురించి న్యాయవాదిని సంప్రదించి, రెండు చోట్లా ఆమెకు స్పష్టత కల్పించడం బాధ్యత. పెళ్లికి ముందే ఈ సంగతులు పిల్లలకు వివరించడం తల్లిదండ్రుల కర్తవ్యం.