ఇంట వ్రాసిన ప్రోగ్రాము ఎవరిది?

కారేపల్లి జంక్షను నుండి ఇల్లందుకు ఒక చిన్న రైలుమార్గము చీలిపోతుంది. ఆ ఇల్లందు దగ్గర 1871లో డాక్టరు విలియం కింగ్ బొగ్గును కనుగొన్నారు. ఆయన భారత భూగర్భ సర్వే ఉద్యోగి. నేలను పరీక్షించడమే ఆయన కొలువు; అందుకు జీతము ముట్టినది. బొగ్గు ఆయన సొంతము కాలేదు. 1886లో గని హక్కులు హైదరాబాదు దక్కను కంపెనీ పొందినది. కింగుగారికి దక్కినది పేరు: అక్కడి మేలైన బొగ్గుపొరకు కింగ్ సీమ్ అని పేరు పెట్టినారు.

బొగ్గు భూమిలో ముందే ఉన్నది. కంప్యూటరు ప్రోగ్రాము అట్లు కాదు. వ్రాసేవాడే దానిని పుట్టిస్తాడు. కాబట్టి చిక్కు మరికొంత పెరుగుతుంది.

కారేపల్లిలో ఒక లెక్కల ఉపాధ్యాయుడు, రాత్రి భోజనమైన పిదప, సొంత కంప్యూటరుపై పిల్లల మార్కులు కూడే ప్రోగ్రాము వ్రాసినాడనుకొందాము. అది ఆయనదా, సర్కారుదా?

మన 1957 నాటి కాపీరైటు చట్టము ప్రోగ్రామును కథలవలె సాహిత్య రచనగానే లెక్కిస్తుంది. వింతగా తోచవచ్చును గాని, 1984 సవరణ తరువాత మాట అదే. 17వ సెక్షను ప్రకారము రచనకు తొలి హక్కుదారు రచయిత. అయితే ఉద్యోగ విధులలో భాగముగా వ్రాసినదానికి, వేరే ఒడంబడిక లేనప్పుడు, ఉద్యోగమిచ్చినవారే హక్కుదారులు.

ఇక్కడనే చాలామంది పొరబడుతారు. ఏ వేళ వ్రాసినది, కంప్యూటరు ఎవరిది అన్నవి సాక్ష్యమునకు పనికివచ్చును గాని, వాటితోనే తీర్పు తేలదు. అసలు ప్రశ్న: ఆ పని చేయుటకే ఆయనను నియమించినారా? పాఠము చెప్పుటకు నియమించినారు గనుక, ప్రోగ్రాము ఆయనదే అనుటకు బలమున్నది. ప్రధానోపాధ్యాయుడు ఆ పని అప్పగించి చేయించి ఉంటే త్రాసు సర్కారు వైపు మొగ్గుతుంది. హైదరాబాదు సాఫ్ట్‌వేరు ఉద్యోగి సంగతి వేరు. ప్రోగ్రాములు వ్రాయుటే అతని కొలువు. పైగా కొలువులో ఉండగా వ్రాసినదంతా కంపెనీదే అనే షరతు చేరిననాటి ఒప్పందములో తరచుగా ఉంటుంది. దానిని చదివి సంతకము చేసేవారు అరుదు.

కొలువు ముగిసిన తరువాతనో? టామ్స్ అనే మలయాళ వ్యంగ్య చిత్రకారుడు బోబన్, మోళి అనే పిల్లల పాత్రలను మలయాళ మనోరమలో చేరకముందే సృష్టించినాడు. కొలువు మానిన పిదప ఆయన గీసే బొమ్మలపై పత్రికకు హక్కు లేదని 1988లో కేరళ హైకోర్టు చెప్పినది.

హక్కు యజమానికి పోయినా, ఇది నేను వ్రాసినదని చెప్పుకొనే అధికారము 57వ సెక్షను క్రింద రచయితకే ఉంటుంది. ఇక మార్కులు కూడే పద్ధతికి కాపీరైటు లేదు. ప్రక్క ఊరి ఉపాధ్యాయుడు దానిని చూచి తన ప్రోగ్రాము తాను వ్రాసికొనవచ్చును. అనుమతి లేక ఆ పంక్తులను ఎత్తి వ్రాసికొనరాదు.