రూపకల్పన అమెరికాలో, నేర్పు చైనాలో

ఐఫోన్‌కు రూపకల్పన కాలిఫోర్నియాలో జరుగుతున్నా, ప్రపంచంలో అమ్ముడయ్యే ఐఫోన్లలో అధిక భాగం చాలా ఏళ్లుగా చైనాలోనే తయారవుతోంది. అక్కడ కూలి చౌక కావడమే ఇందుకు కారణమని చాలామంది భావిస్తారు గాని, చౌక కూలి ఒక కంపెనీని పరాయి దేశానికి రప్పించగలదే తప్ప అక్కడే కట్టిపడేయలేదు. ఆ పని చేసేది సరఫరా గొలుసు, అంటే స్క్రూ మొదలుకొని తెర దాకా ఒక్కొక్క విడిభాగాన్ని చేసి వేళకు అందించే వందలాది సంస్థల అల్లిక.

ఐఫోన్ కంపెనీ ఆపిల్ మొదట్లో స్వదేశంలోనే వస్తువులు తయారు చేసేది. మెకింతోష్ కంప్యూటర్ల కోసం 1984లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తెరిచిన కర్మాగారాన్ని 1992లో మూసివేసింది. తరువాత కంపెనీ అధిపతి అయిన టిమ్ కుక్ 1998లో చేరాక, గోదాముల్లో సరుకు పేరుకుపోతే నష్టమేనన్న లెక్కతో నిల్వలను బాగా తగ్గించి, తయారీని క్రమంగా కాంట్రాక్టు సంస్థలకు అప్పగించింది. ఇతర కంపెనీల పేరుతో అమ్ముడయ్యే వస్తువులను చేసిపెట్టే ఇటువంటి సంస్థల్లో ప్రధానమైనది, 1974లో తైవాన్‌లో పుట్టి 1988లో చైనాలోని షెన్‌జెన్‌కు విస్తరించిన ఫాక్స్‌కాన్.

ఆపిల్ అక్కడికి ఆర్డర్లు మాత్రమే పంపి ఊరుకోలేదు. సొంత డబ్బుతో కొన్న ఖరీదైన యంత్రాలను సరఫరాదారుల కర్మాగారాల్లో పెట్టించి, తన ఇంజినీర్ల చేత పని నేర్పించింది. టూలింగ్, అంటే విడిభాగాల తయారీకి కావలసిన అచ్చులను, పనిముట్లను సిద్ధం చేయడం, ఏళ్ల తరబడి చేస్తే గాని పట్టుబడని విద్య. అది చైనాలో పెరుగుతున్న కొద్దీ అమెరికాలో తరిగిపోయింది. 2013లో విడుదలైన మాక్ ప్రో కంప్యూటర్‌ను టెక్సాస్‌లో తయారు చేయబూనినప్పుడు, దానికి ప్రత్యేకంగా కావలసిన స్క్రూలను స్థానిక వర్క్‌షాపు రోజుకు 1,000కి మించి చేయలేకపోవడంతో, చివరికి వాటిని చైనా నుంచే తెప్పించవలసి వచ్చింది.

ఒకేచోట ఆధారపడటంలోని ముప్పు 2022 నవంబరులో బయటపడింది. కోవిడ్ ఆంక్షల వల్ల చైనాలోని జెంగ్‌జౌలో ఉన్న ఫాక్స్‌కాన్ కర్మాగారంలో ఉత్పత్తి మందగించగా, ఐఫోన్ 14 ప్రో సరఫరా తగ్గుతుందని ఆపిల్ స్వయంగా ప్రకటించింది.

ఇక భారతదేశం విషయానికి వస్తే, 2017లో బెంగళూరులో మొదలైన ఐఫోన్ల కూర్పు తరువాత తమిళనాడుకు విస్తరించింది. హైదరాబాదు సమీపంలోని కొంగరకలాన్‌లోనూ ఫాక్స్‌కాన్ కర్మాగారం వెలసింది. అయితే విడిభాగాలకు, యంత్రాలకు చైనా వైపు చూడవలసినంత కాలం కూర్పు ఎక్కడ జరిగినా ఆధారం మారదు. అందువల్ల కర్మాగారాలకు భూములు, రాయితీలు ఇవ్వడంతో ప్రభుత్వాల బాధ్యత తీరదు. అచ్చులు చేసే నిపుణులను ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో తీర్చిదిద్దుకోవడం, విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమలను నిలబెట్టడం అంతకన్నా ముఖ్యం.