పాత పిస్టన్లు కరిగించి పెరట్లోనే లేతు మిషను

ఆయిలింజను బుష్షు అరిగినా, పంపుసెట్టు ఇరుసు వంగినా రైతు పరుగెత్తేది లేతు మిషను వున్న టౌనుకే. లేతు వుంటే చెడిన భాగం చేసుకోవచ్చు. మరి లేతే లేనివాడి సంగతేమిటి? కొనాలంటే వేలకు వేలు కావాలి. చేసుకోవాలంటే ఇంకో లేతు కావాలి.

ఈ చిక్కుముడిని విప్పి చూపినాయన అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంవాడు. పేరు డేవిడ్ జింజెరీ. 1932లో పుట్టి 2004లో చనిపోయారు. పాత సామాను కరిగించి ఇంటి దగ్గరే వర్కుషాపు మొత్తం తయారు చేసుకునే పద్ధతిని ఆయన 1980ల నాటి నుంచి ఏడు చిన్న పుస్తకాలుగా రాశారు.

మొదటిది బొగ్గుల కొలిమి. ఒక ఇనుప బకెట్టు లోపల వేడికి తట్టుకునే మట్టినీ ఇసుకనూ కలిపి మందంగా మెత్తి ఆరబెడతారు. అడుగు పక్కన గొట్టం పెట్టి, చిన్న బ్లోయరుతో గాలి కొడతారు. బొగ్గుల మధ్య ఇనుప కుండ, అందులో తుక్కు అల్యూమినియం. ఊళ్లలో సత్తు అనేది దీన్నే. పోత ఇనుము కరగాలంటే సుమారు 1,200 డిగ్రీల వేడి కావాలి. సత్తు 660 డిగ్రీలకే నీరవుతుంది. అందుకే పెరటి కొలిమికి లొంగింది.

అలాగని సొట్టపడిన సత్తు గిన్నెలన్నీ పోగేస్తే లాభం లేదు. పల్చటి రేకు సగం తెట్టుగానే పోతుంది. పాత ఇంజన్ల పిస్టన్లు మేలు. వాటిలో సిలికాన్ కలిసి వుంటుంది గనుక కరిగిన లోహం అచ్చులో మూలమూలకూ పారుతుంది.

అచ్చు ఇసుకదే. సన్నని ఇసుకలో బంకమట్టి కలిపి, పిడికిట పడితే ముద్ద నిలిచేంత తడి మాత్రమే చేస్తారు. కర్రతో చేసిన నమూనాను రెండు భాగాల చట్రంలో పెట్టి ఇసుక దట్టించి, నమూనా తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. ఇత్తడి పోత పోసేవారికి ఇది కొత్త సంగతి కాదు. సత్తు చల్లారేటప్పుడు అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతుకు పైగా కుంచించుకుపోతుంది. నమూనాను ఆ మేరకు పెద్దదిగా చేయకపోతే కొలత తప్పుతుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కరిగిన సత్తు కింద నీటిచుక్క చిక్కితే ప్రాణం మీదికే వస్తుంది. నీరు ఆవిరైతే పదిహేను వందల రెట్లకు మించి ఉబ్బుతుంది. లోహం ముఖాన చిమ్ముతుంది. తుక్కును ముందు వేడిచేసి తడి ఆర్చాలి. సిమెంటు గచ్చు మీద పోత పోయరాదు, ఆ గచ్చులోనూ చెమ్మ వుంటుంది. పొడి ఇసుక పరచుకోవాలి. జస్తా పూత రేకుల పొగ పీల్చరాదు. మూసిన గదిలో బొగ్గు రాజేయరాదు. చెప్పులు లేకుండా, పంచె ఎగ్గట్టి చేసే పని కాదిది.

రెండో పుస్తకం లేతుది. అసలు తెలివి ఇందులో వుంది. బెడ్డు సత్తుతో పోత పోస్తారు. సత్తు మెత్తన, త్వరగా అరుగుతుంది. కాబట్టి జారే చోట ఉక్కు పట్టీ బిగిస్తారు. దాన్ని చదును చేయడానికి మిషను లేదు, చేయి వుంది. చదునుపలకకు నీలిరంగు పూసి ఆ భాగాన్ని రుద్దితే, ఎత్తున్న చోటే రంగు అంటుతుంది. ఆ చోటే గీకాలి. మళ్లీ రుద్దాలి, మళ్లీ గీకాలి. రోజుల తరబడి ఇదే పని. చాలామంది వదిలేసేది కొలిమి దగ్గర కాదు, ఇక్కడే.

బెడ్డు సరిగా కుదిరాక సగం తయారైన లేతు తక్కిన సగానికి పనిముట్టవుతుంది. ఇరుసు తిరిగే బెజ్జాన్ని ఆ బెడ్డు మీదే బోరింగు చేస్తారు. అందువల్ల ఇరుసూ బెడ్డూ ఒకే వరసలో పడతాయి. ఆ లేతు సాయంతో షేపరు, మిల్లింగు మిషను, డ్రిల్లింగు మిషను వస్తాయి. పళ్లచక్రాలు కోయడానికి చుట్టును సమంగా పంచే పరికరం ఆరోది, రేకు వంచే మిషను ఏడోది.

అయితే ఈ లేతు మీద ట్రాక్టరు ఇరుసు తిప్పుతానంటే కుదరదు. ఏడంగుళాల అడ్డకొలత, అడుగు పొడవు దాని హద్దు. బరువైన కోతకు వణుకుతుంది. బుష్షులు, చిన్న కడ్డీలు, వాషర్లు దానికి తగిన పని. చేతికష్టం లెక్కగడితే చవక అనడం కూడా కష్టమే. జింజెరీ పోయాక ఆయన కుమారుడు విన్సెంట్ ఈ రాతపని కొనసాగించారు.

మొదటిసారే పోత చక్కగా రావడం అరుదు. ఇసుక కూలుతుంది, బుడగలు పడతాయి, మూల నిండదు. అలాంటి ముక్కను చల్లార్చి, పగలగొట్టి, మళ్లీ కుండలో వేస్తారు. పోయేది కాసిన్ని బొగ్గులూ, ఒక పూటా.