దొరల భయానికి పుట్టిన తుపాకి

నాణెములను, తపాలా బిళ్ళలను, తాళపత్రములను సేకరించేవారిని మన మెరుగుదుము. పాత తుపాకులను సేకరించేవారు కూడ లోకంలో కలరు. బ్రిటను, అమెరికా, కెనడా దేశాలలో వారి సంఖ్య తక్కువేమీ కాదు. వారిలోనూ ఒక చిన్న తెగవారి రుచి మరీ విచిత్రమైనది. లక్షలకొలది సైనికులు భుజాన మోసిన తుపాకి వారి కక్కరలేదు. అదే యంత్రాన్ని కొద్దిపాటి మార్పులతో పౌరులకోసం తయారుచేసిన తుపాకి కావాలి. సైన్యానికి చేసినవి లక్షలు, పౌరులకు చేసినవి అందులో ఏ మూలకో! అందుకే వాటికంత గిరాకి. ఐతే మన దేశంకోసం పుట్టిన అటువంటి తుపాకి ఒకటి ఉన్నది. దాని పుట్టుకకు కారణం వేటగాని సరదా కాదు, ఏలినవారి భయం.

మన పోలీసు ఠాణాలలో తరతరాలుగా “త్రీ నాట్ త్రీ” అని పేరుపడిన తుపాకిని ఎరుగనివారుండరు. గొట్టపు లోవ్యాసం అంగుళంలో వెయ్యింట 303 వంతులు గనుక దానికాపేరు. స్కాట్లండులో పుట్టి, కెనడాకు, అక్కడినుండి అమెరికాకు చేరిన జేమ్స్ పారిస్ లీ దాని యంత్రాన్ని రూపొందించినాడు. 1888లో లీ-మెట్‌ఫర్డ్ అనే పేరుతోను, 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ అనే పేరుతోను బ్రిటిష్ సైన్యం దానిని స్వీకరించినది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పినది 2020 గణతంత్ర దినోత్సవంనాడు! ఒక యంత్రం ఇంతకాలం కొలువుచేయడం అరుదైన విషయమే.

సైన్యానికి ఈ తుపాకులు చేసిన బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీయే పౌరులకు “లీ-స్పీడ్” అనే పేరుతో దానినే అమ్మినది. సైనికుని తుపాకిలో చెక్క గొట్టం చివరిదాకా వచ్చును. ఇందులో సగానికే ఆగిపోవును. పట్టుజారకుండ చెక్కపై సన్నని గళ్ళు చెక్కబడియుండును. మొత్తానికి తేలికైనది, కంటికింపైనది.

ఇక్కడ రాజ్యనీతి ప్రవేశించినది. 1857 నాటి తిరుగుబాటును దొరలు ఏనాడూ మరువలేదు. లిట్టన్ ప్రభువు హయాంలో, 1878లో, దేశభాషా పత్రికల నోరునొక్కిన శాసనం వచ్చినది. ఆయుధముల శాసనమూ ఆ ఏడాదిదే. కలమును, కత్తిని ఒక్క ఏడాదిలోనే కట్టడి చేసినారన్నమాట! భారతీయుడు తుపాకి ఉంచుకొనవలెనంటే లైసెన్సు కావాలి, ఐరోపావారికి ఆ బాధ లేదు. అంతటితో దొరలకు నిద్రపట్టినదా? లేదు. వేటకని తెచ్చిన తూటాలు సైనిక తుపాకులలో కూడ ఇమిడినచో తిరుగుబాటుదారుల కవి అక్కరకు రావచ్చును గదా! 1907 ప్రాంతంలో .450 కొలత తుపాకులను ఇండియాకు, సూడానుకు రానీయకుండ నిషేధించినారు. పాత మార్టినీ-హెన్రీ సైనిక తుపాకి కొలత అది. ఏనుగుల వేటగాండ్రకు పెద్ద తుపాకులమ్ముకొను ఇంగ్లండు వర్తకులు దిగులుపడి ఊరకుండలేదు; .465, .470, .475 అంటూ చట్టానికి దొరకని కొత్త కొలతలు సృష్టించినారు.

.303 విషయంలోను ఇదే యుక్తి. లీ యంత్రం అలాగే ఉన్నది. గొట్టం మాత్రం ఆస్ట్రియా సైన్యపు మాన్‌లిఖెర్ తూటాకు సరిపడునట్లు మారినది. దాని కొలత 8 మిల్లీమీటర్లు, అనగా .315 అంగుళాలు. ఠాణాలో పెట్టెడు తూటాలు దోచినా ఆ తుపాకిలో ఒక్కటీ పనికిరాదు! ఈ భయం ఉత్త భ్రమ కాదని మన మన్యమే రుజువుచేసినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా ముట్టడించినది తుపాకులకు, తూటాలకే గదా.

విచిత్రమేమనగా, దొరలు వెళ్ళిపోయిన పిదప కూడ ఆ గీత చెరిగిపోలేదు. 1959 ఆయుధ చట్టం పాత శాసనాన్ని రద్దుచేసినా, .303 మాత్రం పౌరులకు నిషిద్ధంగానే మిగిలినది. హుగ్లీ తీరాన ఇషాపూర్ కర్మాగారం .315 తుపాకులను చేయసాగినది. ఉత్తరదేశపు పల్లెలలో అది లైసెన్సుదారుల తుపాకి అయినది. అక్కడి దొంగ కొలిమిలో పుట్టే “కట్టా” అనే నాటు పిస్తోలుకు కూడ ఆ తూటాయే ఆహారమైనది. ఈ ఫలితం ఏ శాసనకర్త ఊహకైనా అంది ఉండునా?

సేకరించేవారి విద్య అంతా గుర్తులు చదువుటలోనే ఉన్నది. బ్రిటిష్ సైనిక తుపాకిపై బాణపు ములికి వంటి ముద్ర ఉండును. సైన్యం దానిని అమ్మివేసినప్పుడు ఎదురుగా రెండవ ములికి కొట్టి, రెంటి మొనలను కలుపుదురు. మొదటినుండి పౌరునికొరకే చేసినదానిపై ఆ ములికి ఉండదు. “లీ-స్పీడ్ పేటెంట్స్” అన్న అక్షరాలు, పరీక్షాశాల ముద్రలు ఉండును. ప్రపంచ యుద్ధముల తరువాత సైనిక తుపాకులు చౌకగా అమ్ముడుపోగా, ఎందరో వాటి చెక్కను రంపంతో కోసి వేటతుపాకులుగా చేసుకొన్నారు. దూరానికి రెండూ ఒకటే. అసలైన లీ-స్పీడును కోత తుపాకి అనుకొని కారుచౌకగా అమ్మివేయువారున్నారు. తుప్పు పోగొట్టుదమని ఆకురాయితో రుద్ది ముద్రలన్నిటిని అరగదీయువారు అంతకన్న హానికరులు. పోయిన చెక్కకు బదులు దొరకునుగాని అరిగిన అక్షరం తిరిగిరాదు.

మన దేశంలో ఈ అభిరుచికి తావు తక్కువ. 2019 సవరణ ప్రకారం ఒకరివద్ద రెండు తుపాకులకు మించి ఉండరాదు. అంతకుముందు మూడింటికి అనుమతి ఉండెడిది. మూడవదానిని ఒక సంవత్సరంలోగా ఠాణాలోగాని, లైసెన్సుగల వర్తకునివద్దగాని అప్పగించవలెనని నిర్ణయించినారు. తాతలనాటి తుపాకులున్న ఇండ్లవారు అలా ఎన్నిటినో అప్పగించి ఉందురు. వాటి ముద్రలను ముందుగా ఎవరైనా కాగితంపై ఎక్కించినారో లేదో.